అన్నా పందొమ్మిది, బావా ఇరవై

మెట్ట పంటల అంచనాల శాఖ ప్రాంతీయ కార్యాలయంలో పనిచేసేది అరవై నాలుగు మంది. వాళ్లలో అరవై రెండు మంది ఒకే కుటుంబమని తేలింది ఒక సోమవారం నాడు, మధ్యాహ్నం క్యారియర్లు విప్పే వేళకు కాస్త ముందు. మిగిలిన ఇద్దరికి ఆ కుటుంబంతో గానీ, ఒకరితో ఒకరికి గానీ ఏ చుట్టరికమూ లేదని కూడా అప్పుడే తేలింది. ఆ ఇద్దరిలో ఒకరు జాయింట్ డైరెక్టర్ పరాంకుశం గారు. రెండోవాడు ప్రాజెక్టు సమన్వయకర్త శ్రీచరణ్. ఇతను పరాంకుశం గారి భార్యకు సొంత తమ్ముడు.

ఈ సంగతి తేల్చిన పట్టికలు తయారుచేసినవాడు ఓబులేసు. స్టాటిస్టికల్ అసిస్టెంటు. వాళ్ల ఇంట్లో పదో తరగతి దాటిన మొదటి మనిషి, ఆపైన ఎమ్మెస్సీ దాకా చదివిన ఒకే ఒక్క మనిషి. కాగితం మీద పడిన ప్రతి అంకెకూ తనదే పూచీ అనుకునే రకం. చెప్పిన పని చేస్తాడు. ఆ పని తప్పనిపిస్తే, తప్పని చెప్పిన తర్వాత చేస్తాడు.

అంతా మూడు రోజుల శిక్షణతో మొదలైంది. ఆన్‌లైన్ సామాజిక జాలాల నిర్మాణాన్ని విశ్లేషించడం, ఒకదానితో ఒకటి పోల్చడం ఎలాగో నేర్పిస్తామంటే పరాంకుశం గారు రాజధానికి వెళ్లారు. తిరిగి వచ్చేటప్పుడు ఒక జనపనార సంచి, ఒక పెన్ను, ఒక కొత్త చూపు తెచ్చుకున్నారు. మరుసటి రోజే సమావేశం పెట్టారు.

"ఇకనుంచి మీరు మనుషులు కారు," అన్నారు. "ప్రతి ఉద్యోగీ ఒక చుక్క. మన అధికారిక గ్రూపులో ఒక చుక్క మరో చుక్కకు మెసేజ్ పెడితే అది ఒక గీత. చుక్కలూ గీతలూ కలిస్తే నిర్మాణం. కుటుంబ నిర్మాణం ముద్దలాగా ఉంటుంది, అందరూ అందరితో మాట్లాడుకుంటారు కాబట్టి. కార్యాలయ నిర్మాణం చెట్టులాగా ఉండాలి. పైనుంచి ఆదేశం దిగాలి, కిందినుంచి అంగీకారం ఎక్కాలి. మన కార్యాలయం ముద్దా, చెట్టా అనేది నిగ్గు తేల్చవలసిన తరుణం ఆసన్నమైనది."

వెనక వరసలో రికార్డు అసిస్టెంటు చౌడప్ప పక్కవాడి చెవిలో, "ముద్దయితే మంచిదే గదప్పా, నంజుకోను చెనక్కాయ ఊరిబిండి నేను తెస్తా," అన్నాడు. పక్కవాడు నవ్వును దగ్గుగా మార్చుకున్నాడు.

పోల్చడానికి మూడు గ్రూపులు తీసుకున్నారు. ఒకటి తమ శాఖది. రెండోది పక్క భవనంలోని గాలివాటు నమోదు శాఖది. మూడోది, కుటుంబమంటే ఎలా ఉంటుందో తెలియడానికి నమూనాగా, పరాంకుశం గారి అత్తవారింటి గ్రూపు. విశ్లేషించే సాఫ్ట్‌వేర్ పేరు బంధుదర్శిని. దాన్ని తెచ్చినవాడు, నడిపేవాడు శ్రీచరణ్. అది రోజూ సాయంత్రం సరిగ్గా ఐదు గంటలకు తనంతట తానే పటం గీసి ప్రధాన కార్యాలయానికి పంపుతుంది. మధ్యలో ఎవరి చేయీ పడకూడదని అలా అమర్చారు.

గాలివాటు శాఖ గ్రూపులో యాభై మంది ఉన్నారు. చివరి మెసేజ్ ఎనిమిది నెలల కిందటిది. అందులో 'టెస్ట్' అని ఉంది. ఎవరూ జవాబివ్వలేదు. యాభై చుక్కలు తప్ప ఒక్క గీత కూడా లేని ఆ పటం ముందు శ్రీచరణ్ చాలాసేపు నిలబడ్డాడు. "ఇంత శుభ్రమైన నిర్మాణం నేనింతవరకు చూడలేదు సర్," అన్నాడు.

పరాంకుశం గారి అత్తవారింటి గ్రూపు తొంభై ఒక్క శాతం కార్యాలయంతో సరిపోయింది. అందులో అల్లుడు గారు ఒక్కరే మాట్లాడతారు. మిగతా ఇరవై ఇద్దరూ బొటనవేలు చూపిస్తారు. ఆయన దీనికి సంతోషించి, క్రమశిక్షణ ఇంటినుంచే మొదలవుతుందన్నారు.

సొంత శాఖ గ్రూపు తొంభై నాలుగు శాతం కుటుంబంతో సరిపోయింది.

"ముద్ద," అన్నారు పరాంకుశం గారు, కళ్లజోడు తీసి. "నేను అనుమానిస్తూనే ఉన్నాను. ఓబులేసూ, ఎవరు ఎవరికి ఏమవుతారో తేల్చాలి. గ్రూపులో ఎవరెవరు ఎవరిని ఏమని పిలుస్తున్నారో ఒక పదకోశం తయారుచెయ్యి. పదానికి ఎదురుగా బంధుత్వం."

ఓబులేసు నిలబడే ఉన్నాడు.

"ఇంకేమిటి?"

"సార్, మన పక్క అన్నా అంటే అన్న కాదు సార్."

"అన్నా అంటే అన్న కాకపోతే ఏమిటయ్యా, వదినా?"

"బస్సులో కొంచెం జరగమనాలంటే అన్నా అంటాం సార్. టీ అంగట్లో చిల్లర లేకపోతే అన్నా అంటాం. కొట్లాడే ముందర గూడా అన్నా అనే అంటాం. అది చుట్టరికం కాదు సార్, పలకరింపు."

పరాంకుశం గారు శ్రీచరణ్ వైపు చూశారు. శ్రీచరణ్ సాఫ్ట్‌వేర్ వైపు చూశాడు. "ఒక్కో పదానికి ఒక్క గడే ఉంది సర్. ఇన్ని అర్థాలకు చోటు లేదు."

ఓబులేసు మూడు రోజులు కూర్చుని పదకోశం రాశాడు. అన్న: తోబుట్టువు. అప్ప: తండ్రి. అమ్మ: తల్లి. బావ: మగవాడు పిలిస్తే అక్క మొగుడు, ఆడమనిషి పిలిస్తే మొగుడు. మూడో పేజీ అడుగున సొంతంగా ఒక గమనిక చేర్చాడు: 'పై పదాలు ఈ ప్రాంతంలో పలకరింపులు మాత్రమే. వీటినిబట్టి ఎవరూ ఎవరికీ ఏమీ కారు.' పరాంకుశం గారు దాని పక్కన 'చూశాను, ఫైలు చేయండి' అని రాసి సంతకం పెట్టారు. ఫైలు చేశారు.

పదకోశం ఎక్కించాక పటంలో గీత అంటే చుట్టరికం ఒక్కటే అయింది. ఆ సోమవారం నాడు పటాన్ని పన్నెండు అడుగుల గుడ్డ మీద అచ్చు వేయించి వరండాలో కట్టారు. చౌడప్ప దాని ముందు నిలబడి, "ఎవురు ఏసినారప్పా ఈ ముగ్గు, ఒక్క చుక్క గూడా వదలకుండా?" అన్నాడు. తర్వాత దగ్గరికి పోయి చూస్తే ముగ్గు నడిమధ్యన ఉన్న పెద్ద చుక్క తనదే. కార్యాలయంలో నలభై ఒక్క మందికి అతను తండ్రి. జనం రోజూ అతన్ని చౌడప్పా, చౌడప్పా అని పిలుస్తారు. సాఫ్ట్‌వేర్ అందులో అప్పను పట్టుకుంది.

సూపరింటెండెంటు ఖాదర్‌వలి సాహెబుకు ఇంకో రెండు నెలల్లో రిటైర్మెంటు. ఆయన ఆడపిల్లలెవరినైనా అమ్మా అని తప్ప పిలవరు. పటం ప్రకారం ఆయన జూనియర్ అసిస్టెంటు నాగవేణికి కొడుకు. ఆ అమ్మాయికి ఇరవై ఆరేళ్లు.

నాగవేణి చుక్కనుంచి ఓబులేసు చుక్కకు లావుపాటి పచ్చ గీత ఒకటి ఉంది. దాని మీద 'తోబుట్టువులు, 19 ఆధారాలు' అని రాసి ఉంది.

ఓబులేసు ఆ గీతను చూసి, చేతిలోని స్కేలు కింద పడేసుకున్నాడు. నాగవేణికీ అతనికీ వచ్చే నెల పదహారున పెళ్లి. రెండిళ్లలోనూ ఒప్పుకుని వారం కాలేదు. కార్యాలయంలో ఇంకా ఎవరికీ చెప్పలేదు.

నియమావళిలో పదకొండో నియమం ఇలా ఉంది: సమీప బంధువులు ఒకే కార్యాలయంలో పనిచేయరాదు. దంపతులకు మాత్రం మినహాయింపు, వారిని వీలైనంతవరకు ఒకేచోట ఉంచవలెను. పరాంకుశం గారు దీని ఆధారంగా 'బంధు వియోజన కార్యక్రమం' ప్రకటించారు. మొదటి విడత తోబుట్టువులు. జాబితాలో ఆరో పేరు నాగవేణి. ముప్పయ్యో తేదీన ఇక్కడ రిలీవై, ఇచ్ఛాపురంలో చేరాలి. రాష్ట్రం ఈ కొసనుంచి ఆ కొసకు. ప్రధాన కార్యాలయం ఈ కార్యక్రమాన్ని మెచ్చుకుంటూ ఉత్తరం రాసింది.

ఇద్దరి ఊళ్లకూ ఒకటే బస్సు. జాబితా వచ్చిన మరునాటి సాయంత్రం నాగవేణి కిటికీ పక్కన కూర్చుంది. ఓబులేసు పక్కన నిలబడ్డాడు.

"అన్నిసార్లు అన్నా అని ఏంటికి పిలిస్తివి మే?"

"మరేమని పిలవాల? గ్రూపులో అరవై మంది ఉండారు. పేరు పెట్టి పిలిస్తే పొగరంటారు. ఏమండీ అంటే పెళ్లెప్పుడంటారు. అన్నా అంటే ఎవురూ తలెత్తి చూడరు. దాపెట్టుకునేదానికి దానికంటే మంచి మాట యాడుందో చెప్పు."

"పందొమ్మిది సార్లు."

"లెక్కబెట్టినావా?"

"నా పనే అది గదా."

నాగవేణి కాసేపు బయటికి చూసింది. "అన్న అంటే తోబుట్టువు అని రాసింది గూడా నువ్వే గదా."

"కింద గమనిక గూడా రాసినా."

"ఆ గమనిక నాతోపాటు ఇచ్ఛాపురానికి వస్తాదా?"

బస్సు రెండు స్టాపులు దాటింది.

"మా నాయన ఏమన్నాడో తెల్సునా," అంది ఆమె. "అంత దూరం పంపించేదానికైతే పెళ్లి ఎందుకు, ఉద్యోగం మానిపించి ఇంట్లో కూర్చోబెట్టుకుంటా అన్నాడు. మానేదానికి చదివినానా నేను? మా ఇంట్లో కూడా మొదటిది నేనే, నువ్వొక్కడివే అనుకోవద్దు."

అభ్యంతరాల విచారణ మరుసటి వారం మంగళవారం పెట్టారు. మొదట పిలిచింది ఖాదర్‌వలి గారిని.

"తల్లి వయసు ఇరవై ఆరు," అని చదివారు పరాంకుశం గారు. "కుమారుని వయసు అరవై రెండు కావస్తున్నది. ఇది ప్రకృతి విరుద్ధం. కాబట్టి ఇద్దరిలో ఒకరి పుట్టిన తేదీ తప్పు. పాత రికార్డులోనే తప్పులుండే అవకాశం హెచ్చు. మీ జన్మతేదీపై విచారణ ముగిసేవరకు మీ పదవీ విరమణను నిలుపుదల చేయడమైనది. అభ్యంతరమా?"

"ఏమీ లేదు సార్," అన్నారు ఖాదర్‌వలి, చేతులు కట్టుకుని. "మా యమ్మ ఎట్ల చెప్తే అట్ల."

తర్వాత చౌడప్ప. సర్వీసు రిజిస్టరులో ఒక్క కూతురు మాత్రమే ఉందని రాసి, నలభై ఒక్క మంది సంతానాన్ని దాచినందుకు సంజాయిషీ అడిగారు.

"సార్, నా పేరే చౌడప్ప సార్. మా ముసలి జేజి పెట్టింది."

"ముందుచూపుతో పెట్టింది," అన్నారు పరాంకుశం గారు, రాసుకుంటూ.

మూడోది ఓబులేసు, నాగవేణి. ఇద్దరూ పక్కపక్కన నిలబడ్డారు.

"మేం అన్నాచెల్లెళ్లం కాదు సార్," అన్నాడు ఓబులేసు. "వచ్చే నెల పెళ్లి చేసుకుంటాండాం."

పరాంకుశం గారి ముఖం గంభీరమైంది.

"రికార్డు ప్రకారం తోబుట్టువులైన మీరిద్దరూ వివాహమాడదలచినట్టు మీరే అంగీకరిస్తున్నారు. ఇది శాఖ పరిధిని దాటి చట్టం పరిధిలోకి పోయే విషయం. నేను విననట్టుగా భావిస్తాను."

"సార్, మా అమ్మానాయన వేరు, వాళ్ల అమ్మానాయన వేరు. రేషన్ కార్డులు తెచ్చినాం."

"కార్డు ఏనాడో రాసినది. గ్రూపు ఈనాటిది. శాస్త్రం ఈనాటి దానినే చూస్తుంది."

గోడ వారగా నిలబడిన ఖాదర్‌వలి గొంతు సవరించుకున్నారు. "సార్, బంధుదర్శిని మార్గదర్శకాల్లో తొమ్మిది బి ఒకటి ఉండాది. ఎక్కువసార్లు పిలిచిన మాటే బంధుత్వం. ఇరవై ఎనిమిదో తేదీ సాయంత్రం ఐదు లోపల ఇంకో మాటతో ఎక్కువసార్లు పిలిస్తే బంధుత్వం మారుతుంది. తల్లి తరపున అడుగుతాండా."

శ్రీచరణ్ వెతికి చూశాడు. నిజమే. పందొమ్మిది అన్నాలున్నాయి కాబట్టి ఇరవై బావాలు కావాలి. మార్పు కోరేవారికి షరతులు రెండు. వారి మెసేజుల్లో వ్యక్తిగతమైనవి చెల్లవు, ప్రతి మెసేజూ కార్యాలయ విషయమై ఉండాలి. ఒకే మెసేజ్ రెండుసార్లు పెడితే లెక్కలోకి రాదు.

ఆరోజే ఇరవై ఏడు.

నాగవేణి మాట తక్కువ మనిషి. కాలేజీలో ఉన్నప్పుడు హాజరు పలకడానికి కూడా చెయ్యి ఎత్తి ఊరుకునేది. ఇరవై ఎనిమిదో తేదీ ఉదయం పది గంటల ఐదు నిమిషాలకు, అరవై మూడు మంది చూసే చోట, ఆమె మొదటి మెసేజ్ పెట్టింది.

'బావా, కంది విస్తీర్ణం పట్టిక జతపరిచాను.'

మేడ మీదినుంచి ఎవరో కుర్చీ జరిపిన చప్పుడు వినిపించింది. ఓబులేసు చెవులు ఎర్రబడ్డాయి. 'అందింది' అని జవాబు పెట్టాడు.

'బావా, పట్టికలో మూడో నిలువు వరుస సరిచూడగలరు.'

'సరిచూశాను.'

'బావా, వానమాపకానికి మూత లేదని పొలం సిబ్బంది ఫోన్ చేశారు. కొత్తది పంపాలి.'

'బావా, వేరుశనగ శాంపిల్ సంచులకు చీటీలు అంటించడం పూర్తయింది.'

మధ్యాహ్నానికి ఆమెకున్న పని అయిపోయింది. పదకొండు బావాలే అయ్యాయి. ఖాదర్‌వలి తన బీరువా తెరిచారు. మూడేళ్లుగా కదలని ఫైళ్లు ఒక్కొక్కటే తీసి, "ఇది తేల్చుమ్మా, ఒక బావ వస్తాడు," అంటూ అందించారు. ఫైలు తేలడం, మెసేజ్ పోవడం. పచ్చజొన్న శాంపిళ్ల వివాదం తేలింది. రెండేళ్ల కిందటి ఆడిట్ అభ్యంతరానికి సమాధానం వెళ్లింది. గోడ గడియారానికి బ్యాటరీ వేశారు. చౌడప్ప ఓ మూలనుంచి, "పదహారు," అని, కాసేపటికి, "పదిహేడు," అని చెబుతున్నాడు. నాలుగున్నరకు పందొమ్మిది అయ్యాయి. సమానం.

ఇరవయ్యోదానికి పని లేదు. ఖాదర్‌వలి బీరువా అడుగు దాకా తడిమారు. అక్కడ ఒక ఖాళీ జిగురు సీసా తప్ప ఏమీ లేదు. ఆ కార్యాలయం పెట్టిన నాటినుంచి పెండింగు పని అంటూ లేని మొదటి రోజు అది. నాలుగు యాభై ఆరు. నాగవేణి ఫోన్ పట్టుకుని కూర్చుంది. బొటనవేలు ఆడలేదు. గడియారం వైపు చూసింది. తర్వాత ఓబులేసు బల్ల వైపు చూసింది. అతను అప్పటికే ఏడుసార్లు తుడిచిన కళ్లజోడును మళ్లీ తుడుస్తున్నాడు.

'బావా, ఐదు కావస్తాంది. బస్సు తప్పిపోతాది. పోదాం పా.'

"ఇది వ్యక్తిగతం," అన్నాడు శ్రీచరణ్.

"ప్రయాణ సమాచారం," అన్నారు ఖాదర్‌వలి. "సిబ్బంది రాకపోకలు అధికారికమే. సూపరింటెండెంటుగా నేను ధ్రువీకరిస్తాండా."

శ్రీచరణ్ లెక్కలో చేర్చుకున్నాడు. ఇరవై.

అంతటితో అందరూ ఊరుకుని ఉంటే బాగుండేది. కానీ పొద్దుటినుంచి నోరు కట్టుకుని కూర్చున్న జనం. ఐదు గంటలకు ఇంకా మూడు నిమిషాలుంది. గ్రూపు ఒక్కసారిగా కట్ట తెగిన చెరువైంది. 'కంగ్రాట్స్ బావా.' 'సాధించినావు బావా.' 'బావా, భోజనాలు ఎప్పుడు?' 'మటన్ ఉండాల బావా.' ఇరవై ఏడు మంది మగవాళ్లు, ఇరవై ఏడు బావాలు. ఐదింటికి బంధుదర్శిని పటం గీసింది.

మరునాడు ఉదయం ఓబులేసు బల్ల మీద చార్జి మెమో ఉంది. అతను నిలబడే చదివాడు.

'శ్రీ ఓబులేసు, స్టాటిస్టికల్ అసిస్టెంటు, ఇరవై ఏడుగురు ఉద్యోగుల అక్కలను ఏకకాలమున వివాహమాడినట్టును, అదనముగా కుమారి నాగవేణిని కూడ వివాహమాడినట్టును శాస్త్రీయముగా నిరూపితమైనది. ఇది ద్విభార్యత్వ నిషేధ నియమమునకు ఇరవై ఏడు రెట్లు విరుద్ధము. దంపతుల మినహాయింపు మొదటి భార్యకు మాత్రమే వర్తించును. కావున ఇరవై ఎనిమిది మంది భార్యల సీనియారిటీ జాబితాను చిరునామాలతో సహా ఈ సాయంత్రము ఐదు గంటలలోగా సమర్పించవలెను. జాబితా ఖరారగువరకు కుమారి నాగవేణి బదిలీ ఉత్తర్వులు అమలులోనే ఉండును.'

సీనియారిటీ అంటే ఎవరు ముందు పిలిచారన్నది. శ్రీచరణ్ పాత మెసేజులన్నీ తవ్వాడు. నాగవేణి మొదటి బావా నిన్నటిది. చౌడప్ప రెండేళ్ల కిందట ఒక వానాకాలం సాయంత్రం ఓబులేసుకు 'బావా టీ తాగినావా' అని పెట్టి ఉన్నాడు. కాబట్టి మొదటి భార్య చౌడప్ప అక్క.

"మా యక్కకు అరవై ఎనిమిది ఏండ్లు సార్," అన్నాడు చౌడప్ప. "మనవరాలి పెళ్లి గూడా చేసేసింది."

"ఆమె వయసు ఇక్కడ ప్రశ్న కాదు," అన్నారు పరాంకుశం గారు. "పైగా నువ్వు ఓబులేసుకు తండ్రివి కూడా. అంటే అతను మేనత్తను పెళ్లాడాడు. అది రెండో అభియోగం."

చౌడప్ప ఓబులేసు దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి, "ఒక్క టీ గురించి ఇంత అవుతాదనుకోలేదు నాయనా," అన్నాడు.

సాయంత్రం నాలుగున్నర. రేపు ముప్పై. నాగవేణి తన బల్ల సొరుగు ఖాళీ చేసి, పెన్నులు, దువ్వెన, చిన్న దేవుడి పటం ఒక సంచిలో వేసుకుంది. ఓబులేసు తెల్లకాగితం మీద '1. చౌడప్ప గారి అక్క' అని రాసి, కింద ఏమి రాయాలో తెలియక కూర్చున్నాడు. ఏనాడూ ఇచ్చిన పట్టికను అబద్ధంతో నింపినవాడు కాదు. నిజంతో నింపితే ఇది నిండదు.

నాలుగు ముప్పై ఎనిమిదికి కార్యాలయంలోని ఫోన్లన్నీ ఒకేసారి మోగాయి. గ్రూపులో శ్రీచరణ్ మెసేజ్.

'బావా, వాడి పెళ్లాల లిస్టు ప్రింట్ కావడం లేదు. ప్రింటర్ ఆగిపోయింది. నేను రాత్రి భోజనానికి రాలేనని అక్కతో చెప్పు.'

పరాంకుశం గారికి ఒక్కరికే పెట్టబోయినది, తొందరలో గ్రూపుకు పోయింది. శ్రీచరణ్ రెండు నిమిషాల్లో చెరిపేశాడు. కానీ బంధుదర్శిని చెరిపినవి కూడా దాచుకుంటుంది. అదే దాని గొప్పతనమని తెచ్చిన రోజున చెప్పింది కూడా అతనే.

ఇన్నాళ్లుగా ఆ ఇద్దరి మధ్య సర్ తప్ప మరో మాట లేదు. సర్ చుట్టరికం కాదు, లెక్కలోకి రాదు. కాబట్టి ఒక్క బావా చాలు. తెర మీద, విడిగా పడి ఉన్న రెండు చుక్కల మధ్య ఒక కొత్త గీత వచ్చింది. పటంలో మొత్తం ఎనిమిది వందల నలభై గీతలున్నాయి. నిజమైనది అదొక్కటే.

ఓబులేసును పిలిపించారు. గదిలో పరాంకుశం గారు నిలబడి ఉన్నారు. శ్రీచరణ్ కూర్చుని ఉన్నాడు. అలా ఎప్పుడూ జరగలేదు.

"ఓబులేసూ, ఆ గీత తీసెయ్యి. ఐదింటికి ప్రధాన కార్యాలయానికి పోతుంది."

"తీసేదానికి నియమం లేదు సార్. తొమ్మిది బి ప్రకారం శ్రీచరణ్ గారు మిమ్మల్ని ఇంకో మాటతో రెండుసార్లు పిలవాల."

"అయితే పిలువు శ్రీచరణ్."

"ఏమని పిలవమంటారు సర్?"

"అన్నా అంటే తోబుట్టువులైపోతారు సార్," అన్నాడు ఓబులేసు. "మొదటి విడతలోనే బదిలీ వస్తాది. అప్పా అంటే తండ్రీకొడుకులు. మామా అంటే మీ అమ్మాయిని చేసుకున్నట్టు వస్తాది. అమ్మాయి ఏడో తరగతి గదా సార్. పదకోశంలో మొత్తం నలభై మాటలున్నాయి. ఏది పట్టుకున్నా ఏదో ఒకటి అవుతారు. గడువు గూడా నిన్నటితోనే అయిపోయింది."

పరాంకుశం గారు గోడ గడియారం చూశారు. నిన్ననే బ్యాటరీ వేశారు. సరిగ్గా నడుస్తోంది. నాలుగు నలభై ఏడు.

"పదకొండో నియమం వర్తిస్తే..." అన్నాడు శ్రీచరణ్.

"ఇచ్ఛాపురంలో ఇంకో ఖాళీ ఉండాది సార్," అన్నాడు ఓబులేసు. ఎత్తిపొడుపు కాదు, అడిగితే చెప్పవలసిన వివరం కాబట్టి చెప్పాడు.

పరాంకుశం గారు మళ్లీ గడియారం చూశారు.

"మరి మార్గం లేదా?"

"ఒకటి ఉండాది సార్." ఓబులేసు చంకలోని ఫైలు బల్ల మీద పెట్టి మూడో పేజీ తెరిచాడు. "ఈ గమనికను సర్క్యులర్‌గా ఇస్తే చాలు. కొత్తగా రాయాల్సిన పని గూడా లేదు. మీరు చూసినట్టు మీ సంతకం ఉండనే ఉండాది."

పరాంకుశం గారు చదివారు. మళ్లీ చదివారు. చదువుతున్న కొద్దీ ఆయన ముఖంలో శిక్షణనుంచి వచ్చిన నాటి వెలుగు తిరిగి వచ్చింది.

"ఇది నేను మొదటినుంచీ చెబుతున్నదే," అన్నారు.

నాలుగు యాభై ఏడుకు సర్క్యులర్ వెలువడింది: 'అన్న, అప్ప, అమ్మ, మరి ముఖ్యముగా బావ అను పదములు ఈ ప్రాంతమున పలకరింపులు మాత్రమేననియు, వీటినిబట్టి ఎవరును ఎవరికిని ఏమియు కారనియు లోతైన శాస్త్రీయ అధ్యయనము మీదట తేలినందున, పదకోశమును, తదనుగుణమైన బదిలీలను, అభియోగములను, సంతానములను తక్షణమే రద్దు చేయడమైనది.'

ఐదింటికి బంధుదర్శిని పటం గీసింది. అరవై నాలుగు చుక్కలు. ఒక్క గీత లేదు. మరుసటి వారం ప్రధాన కార్యాలయంనుంచి మెప్పు ఉత్తరం వచ్చింది. నెల తిరగకుండానే ముద్దను విడదీసి, గాలివాటు శాఖ స్థాయి నిర్మాణం సాధించినందుకు పరాంకుశం గారిని తదుపరి శిక్షణలో ప్రసంగించవలసిందిగా కోరారు.

నాగవేణి దువ్వెననూ దేవుడి పటాన్నీ మళ్లీ సొరుగులో పెట్టుకుంది. ఖాదర్‌వలి గారి పుట్టిన తేదీ విచారణ ముగిసి, అనుకున్న నాటికే ఆయన రిటైరయ్యేలా ఉత్తర్వు వచ్చింది. కార్యాలయం మొత్తం మీద దిగులుపడినవారు ఆయనొక్కరే. "నెలైనా కాలేదమ్మా నీ కొడుకునై," అన్నారు. "బాగుండె."

సర్క్యులర్ వచ్చిన సాయంత్రం బస్సులో ఇద్దరికీ సీటు దొరికింది.

"పదహారో తేదీకి సెలవు చీటీ రాయాల," అన్నాడు ఓబులేసు.

"రాయి. అదిసరే గాని, రేపటినుంచి గ్రూపులో నిన్ను ఏమని పిలవాల?"

"ఏమన్నా పిలువు. సర్క్యులర్ వచ్చినాది గదా."

"సర్క్యులర్లు వస్తాయి, పోతాయి. దొరక్కుండా ఉండే మాట చెప్పు."

ఓబులేసు నిజంగానే ఆలోచించాడు. గ్రూపులోని మూడేళ్ల మెసేజులు అతనికి కంఠతా వచ్చు. "ఒక్కటే ఉండాది," అన్నాడు. "సొంత బావామరదులే దాంతో మూడేళ్లు దొరకలేదు."

మరుసటి రోజు సాయంత్రం నాలుగు యాభై ఆరుకు గ్రూపులో మెసేజ్ వచ్చింది.

'సార్, ఐదు కావస్తాంది.'

పరాంకుశం గారు బొటనవేలు పెట్టారు. ఓబులేసు సంచి భుజాన వేసుకుని లేచాడు.